అలంకారం పేరు చెప్పేశాను, ఆ తర్వాత ఏం రాయాలి?

తొలకరి:
అందరికీ నమస్కారం. నేను డిగ్రీలో తెలుగు చదువుతున్నాను. పరీక్షలో ఒక పద్యమో వచన కవితో ఇచ్చి "విశ్లేషించండి" అంటారు. అలంకారాల లక్షణాలన్నీ నాకు కంఠతా వచ్చు. పద్యం చూడగానే ఇందులో వృత్త్యనుప్రాస (ఒకే హల్లు మళ్లీ మళ్లీ రావడం) ఉంది, ఇది శార్దూలం (ఛందస్సులో ఒక వృత్తం), ఇక్కడ ఉపమ (పోలిక) ఉంది అని రాసేస్తాను. తాత్పర్యం కూడా రాస్తాను. అయినా పేపరు మీద "విశ్లేషణ ఏది?" అని ఎర్రసిరాతో రాసి ఇస్తున్నారు. పేరు చెప్పాక ఇంకేం మిగులుతుంది? పరీక్షలు దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా విడమరిచి చెప్పగలరా?

పాతపుస్తకం:
అమ్మా తొలకరీ, మీ మాస్టారు అడుగుతున్నది ఇదే: అలంకారం ఉంది, సరే, ఉండి ఏం చేసింది? జబ్బు పేరు చెప్పి మందు రాయకుండా లేచిపోయే డాక్టరు ఎలాగో, పేరు దగ్గర ఆగిపోయిన జవాబూ అంతే.

నేను క్లాసులో చెప్పే పద్ధతి ఒకటుంది. నీ దృష్టి ఎక్కడ ఆగిందో ఆ మాటను తీసేసి, అదే అర్థం వచ్చే ఇంకో మాట పెట్టి చదువు. ఏం పోయిందో చూడు. ఆ పోయినదాని గురించి రాస్తే అదే విశ్లేషణ. ఇది నా సొంత తెలివేం కాదు. శబ్దాలంకారాన్నీ అర్థాలంకారాన్నీ మన ఆలంకారికులు విడదీసింది ఈ పరీక్షతోనే. పర్యాయపదం పెట్టగానే అలంకారం చచ్చిపోతే అది శబ్దానిది. మాట మార్చినా బతికి ఉంటే అర్థానిది. 11వ శతాబ్దపు మమ్మటుడు కావ్యప్రకాశంలో ఈ మాట మీద చాలాసేపు వాదించాడు. మనవాళ్లు గైడ్లలోకి దించుకునేటప్పుడు పేర్లు మిగుల్చుకుని, పరీక్ష వదిలేశారు.

అడ్డుప్రశ్న:
మాస్టారూ, సిద్ధాంతం బాగానే ఉంది. ఒక పద్యం పెట్టి చేసి చూపించండి. లేకపోతే ఇదీ ఇంకో లక్షణ శ్లోకమే అవుతుంది.

పాతపుస్తకం:
న్యాయమే. అందరికీ నోటికి వచ్చిన పద్యమే తీసుకుందాం. భాగవతం అష్టమ స్కంధంలో వామనుడు పెరిగే చోటు, పోతన పద్యం (వటుడు అంటే బ్రహ్మచారి కుర్రాడు, ఇక్కడ వామనుడే):

ఇంతింతై వటుడింతయై మరియు దానింతై నభోవీథిపై
నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై
నంతై చంద్రుని కంతయై ధ్రువునిపై నంతై మహర్వాటిపై
నంతై సత్యపదోన్నతుండగుచు బ్రహ్మాండాంత సంవర్ధియై

తొలకరీ, ముందు నువ్వే చెప్పు. ఏం కనిపిస్తోంది?

తొలకరి:
శార్దూలవిక్రీడితం. మ, స, జ, స, త, త, గ గణాలు. 13వ అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు. "ంత" పదే పదే వచ్చింది కాబట్టి వృత్త్యనుప్రాస. వామనుడు ఎలా పెరిగాడో కళ్లకు కట్టినట్టు ఉంది.

పాతపుస్తకం:
చివరి వాక్యం కొట్టెయ్యి. "కళ్లకు కట్టినట్టు" అన్నది మెచ్చుకోలు, విశ్లేషణ కాదు. ఎలా కట్టాడో చెప్పాలి. ఒక ప్రశ్న అడుగుతాను: "ఇంత" ఎక్కడెక్కడ ఉంది, "అంత" ఎక్కడెక్కడ ఉంది?

తొలకరి:
మొదటి పాదంలో అన్నీ "ఇంత"లే సార్. ఇంతింతై, ఇంతయై, తాను ఇంతై. రెండో పాదం నుంచి అన్నీ "అంత"లే. మధ్యలో "అల్లంతై" ఒకటి.

అంటే... "ఇంత" అన్నప్పుడు మనిషి మన ఎదురుగా ఉన్నాడు, చెయ్యి పెట్టి చూపించొచ్చు. "అంత" అనేసరికి దూరం వెళ్లిపోయాడు. అవునా?

పాతపుస్తకం:
అవును. ఇప్పుడు తీసేసి చూడు. అన్నిచోట్లా "ఇంత" పెట్టు. అనుప్రాస ఎక్కడికీ పోదు, చప్పుడు అలాగే ఉంటుంది. పెరుగుదల అర్థం కూడా ఉంటుంది. పోయేదల్లా చూసేవాడు నేల మీద నిలబడి ఉన్నాడన్న సంగతి. వామనుడు పైకి పోతున్నాడు, మనం ఇక్కడే ఉన్నాం, మెడ ఎత్తుకుంటూ. ఆ "మనం" పద్యంలో ఎక్కడా లేదు. "ఇంత" నుంచి "అంత"కు మారడంలోనే ఉంది. "వృత్త్యనుప్రాస" అని రాసి ఊరుకుంటే ఇది జారిపోయేది.

గణయతి:
పాతపుస్తకం గారు వదిలేసిన ఒక సంగతి చెబుతాను. ఛందస్సు నా వ్యసనం, క్షమించాలి.

"ఇంత" నుంచి "అంత"కు మారింది ఎక్కడ? సరిగ్గా పాదం విరిగే చోట. మొదటి పాదం "నభోవీథిపై" అని ఆగుతుంది. "నంతై" కింది పాదంలో పడుతుంది. అంటే ఆకాశమార్గం దాటే చోట పాదం కూడా దాటాడు. పైగా మొదటి మూడు పాదాలూ "పై" అనే ముగుస్తాయి: నభోవీథిపై, ప్రభారాశిపై, మహర్వాటిపై. మూడుసార్లూ పాదం చాలక కిందికి పొంగింది. మనిషి పైకి, మాట కిందికి.

ఇంకోటి. నాలుగు పాదాలు అయిపోయినా వాక్యాన్ని ముగించే క్రియ రాలేదు. ఐ, ఐ, అగుచు, ఐ. చివరి మాట కూడా "సంవర్ధియై". వాక్యం ముగియలేదు, పెరుగుదలా ముగియలేదు. చివర "పెరిగెన్" అని పెట్టి ఉంటే అక్కడితో ఆగిపోయేవాడు.

పద్యప్రియ:
ఆహా! శార్దూలం అంటే పెద్దపులి కదండీ. మూడు గురువులతో మొదలవుతుంది. ఆ గంభీరమైన నడక వల్లే విశ్వరూపానికి ఈ వృత్తం ఎంచుకున్నారని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

గణయతి:
అలా అనిపించడం సహజమే పద్యప్రియ గారూ, కానీ రాయకండి. అదే స్కంధంలో మొసలి నోట చిక్కిన గజేంద్రుడి మొర, "లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె ప్రాణంబులున్" కూడా శార్దూలమే. ఒంట్లో బలం లేదని ఏడ్చేదీ ఈ నడకే, బ్రహ్మాండం నిండేదీ ఈ నడకే. వృత్తం పేరులో పులి ఉన్నంత మాత్రాన పద్యం గాండ్రించదు. ఫలానా ఛందస్సుకు ఫలానా భావం అని ముడిపెట్టేస్తే ఎదురు ఉదాహరణ ఎక్కడో ఒకచోట కాచుకుని ఉంటుంది. ఈ పద్యంలో, ఈ పాదంలో, ఈ విరుపు ఏం చేసిందన్నదే పట్టుకోవాలి.

అడ్డుప్రశ్న:
ఇప్పుడు నా పేరుకు తగ్గ ప్రశ్న. ఇదంతా పోతన అనుకుని రాశాడా? ఇంతకు అంతకు తేడా, పాదం దాటడం, క్రియ రాకపోవడం... ప్రాస కుదరాలి కాబట్టి "ంత" వచ్చింది. క్రియ తర్వాతి పద్యంలో ఎక్కడో ఉంటుంది. మీరేమో దాంట్లో వేదాంతం వెతుకుతున్నారు.

గణయతి:
ప్రాస నియమం అడిగేది నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు ఉండాలని. అది "ంత" అయ్యి తీరాలని నియమం అడగలేదు. "ంద" పెట్టుకోవచ్చు, "ల్ల" పెట్టుకోవచ్చు. మొదటి పాదం "ఇంతింతై" అని ఎత్తుకున్నవాడు తక్కిన మూడు పాదాల ఎత్తుగడనూ "అంతై"కి అప్పజెప్పేశాడు. అది ఎంపిక. కట్టుబాటు ఛందస్సుది, దాంట్లో దారి కవిది.

నీలిసిరా:
నేను ఇంకాస్త ముందుకెళ్తాను. కవి అనుకున్నాడా లేదా అన్నది మనకు తేలే విషయం కాదు. తేలకపోయినా పని ఆగదు. పద్యం మన ముందు ఉంది, మనం చెప్పేదానికి అందులో మాటల ఆధారం ఉందా లేదా అన్నదే చూడాలి. "పోతన ఇలా భావించి..." అని రాయకుండా "పద్యం ఇలా చేస్తుంది" అని రాస్తే ఈ గొడవే రాదు. తొలకరి గారూ, ఇది పరీక్షలో కూడా పనికొస్తుంది.

అడ్డుప్రశ్న:
సరే, ఈ ఒక్కసారికి ఒప్పుకుంటున్నాను. తేలని విషయాన్ని తప్పించుకోవడానికి అది మంచి ఉపాయం. కానీ ఆధారం లేని ఊహకూ ఆధారం ఉన్నదానికీ తేడా ఎలా తెలుస్తుందో ఎవరూ చెప్పలేదు. దాన్ని పక్కన పెడుతున్నాను, మళ్లీ అడుగుతాను.

పద్యప్రియ:
దీని జంట పద్యం గుర్తు చేయకుండా ఉండలేను. అక్కడే ఉంటుంది:

రవిబింబం బుపమింప బాత్రమగు ఛత్రంబై శిరోరత్నమై
శ్రవణాలంకృతియై గళాభరణమై సౌవర్ణకేయూరమై
ఛవిమత్కంకణమై కటిస్థలి నుదంచద్ఘంటయై నూపుర
ప్రవరంబై పదపీఠమై వటుడు దా బ్రహ్మాండమున్ నిండుచోన్

వటుడు పెరుగుతుంటే సూర్యబింబం మొదట గొడుగు, తర్వాత తలమీది మణి, చెవి నగ, మెడలో హారం, భుజకీర్తి, కంకణం, మొలగంట, అందె, చివరికి పాదపీఠం. ఇందులో అలంకారం ఏమిటి? మా రోజుల్లో ఉల్లేఖం అని చెప్పినట్టు గుర్తు.

తొలకరి:
"ఉపమింప" అని కవే అన్నాడు కదా, ఉపమ కాదా మేడమ్?

గణయతి:
నన్నడిగితే పర్యాయం. కువలయానందం అనే అలంకార గ్రంథం ప్రకారం ఒకే వస్తువు వరసగా ఒక్కోచోట ఉంటూ పోతే పర్యాయాలంకారం. సూర్యుడు తల మీద, చెవి దగ్గర, మెడ దగ్గర, మొల దగ్గర, కాలి దగ్గర. వరస తప్పలేదు.

పద్యప్రియ:
ఒకే వస్తువును పలు విధాలుగా ఉల్లేఖించడమే కదండీ ఉల్లేఖం? అదీ సరిపోతోందిగా.

పాతపుస్తకం:
మూడూ వాదించవచ్చు. వాదించేటప్పుడు ఏం జరుగుతోందో గమనించండి. ఉపమ అన్నవాళ్లు పోలికను చూస్తున్నారు: గుండ్రంగా మెరిసే బింబం గొడుగులాగా, మణిలాగా. ఉల్లేఖం అన్నవాళ్లు రూపాల సంఖ్యను చూస్తున్నారు: ఒకే సూర్యుడు, తొమ్మిది వస్తువులు. పర్యాయం అన్నవాళ్లు దిగే వరసను చూస్తున్నారు. ఒక్కో పేరు పద్యంలో ఒక్కో వైపు లైటు వేస్తోంది. అందుకే పేర్లు అక్కర్లేదని నేను ఎప్పుడూ అనను. పేరు తెలిసినవాడికి ఆ వైపు చూడాలని గుర్తొస్తుంది. పేరు చెప్పి అటు చూడకుండా వచ్చేయడమే బాధ.

నాకైతే ఇందులో దిగే వరసే ప్రాణం. వామనుడు పెరిగాడన్న మాట ఈ పద్యంలో చివరి పాదం దాకా రాదు. అప్పటివరకూ మనకు కనిపించేది సూర్యుడు కిందికి జారడమే. మనం చూసేది ఒకటి, జరిగేది ఇంకోటి. ఫలం ముందు వచ్చింది, కారణం చివర "నిండుచోన్" అన్నచోట వచ్చింది. ఆ పాదాన్ని మొదటికి తెచ్చి చదవండి. కథ మారదు, తాత్పర్యం మారదు, సూర్యుడు దిగుతున్న విడ్డూరం మాత్రం ఉండదు. కారణం ముందే తెలిసిపోతుంది కాబట్టి.

నీలిసిరా:
వస్తువుల ఎంపిక కూడా చూడండి. బలి దగ్గరికి వచ్చినవాడు బ్రహ్మచారి. చేతిలో గొడుగు, దండం, కమండలం. నగలు ఒక్కటీ లేవు. పద్యం మొదలుపెట్టిందే గొడుగుతో, అంటే అతని దగ్గర ఉన్నదానితో. ఆ తర్వాత వచ్చేవన్నీ అతని దగ్గర లేనివి: మణి, హారం, కేయూరం, కంకణం. అడుక్కోవడానికి వచ్చినవాడికి సూర్యుడే నగలు పెడుతూ దిగాడు. చివరికి పాదపీఠం. గొడుగు నెత్తిన ఉంటుంది, పీఠం కాళ్ల కింద ఉంటుంది. ఇంత జరిగాక కూడా కవి అతన్ని "వటుడు" అనే అంటున్నాడు. విష్ణువు అనలేదు, త్రివిక్రముడు అనలేదు. బ్రహ్మాండం నిండుతున్నవాడు ఇంకా కుర్రాడే.

తొలకరి:
ఇది చదివి ఒళ్లు జలదరించింది. కానీ నాకు పరీక్షలో ఇంత తట్టదు సార్. పైగా వచన కవిత ఇస్తే? అందులో యతీ లేదు, ప్రాసా లేదు. చాలాసార్లు ఒక్క అలంకారం కూడా దొరకదు. అప్పుడు చేతులెత్తేస్తున్నాను.

నీలిసిరా:
అలంకారం దొరకని కవితే మంచి అభ్యాసం. వేరేవాళ్ల కవిత ఎందుకు, నేను రాసిందే పెడుతున్నాను. మొహమాటం లేకుండా కోసి చూడండి.

నాన్న కుర్చీ
ఇంకా వరండాలోనే ఉంది

ఎవరూ కూర్చోరు
ఎవరూ తీసెయ్యరు

పొద్దున్నే పేపరు వచ్చి
దాని మీదే పడుతుంది

తొలకరి:
ఉపమ లేదు. రూపకం లేదు. "పేపరు వచ్చి" అన్నది మానవీకరణ అనొచ్చా? నాన్నగారు చనిపోయారని అర్థమైంది. కానీ ఆ మాట ఎక్కడుందో వెతికితే లేదు.

పాతపుస్తకం:
ఆ లేని మాట ఎక్కణ్నుంచి వినిపిస్తోందో పట్టుకో. తీసేసి చూడు.

తొలకరి:
"ఇంకా" తీసేస్తే... "నాన్న కుర్చీ వరండాలో ఉంది". ఏమీ లేదు, మామూలు సమాచారం. "ఇంకా" ఉంటేనే ఏదో అయిపోయిందని తెలుస్తోంది. "లోనే"లో ఉన్న ఏకారం కూడా అదే పని చేస్తోంది అనుకుంటా.

పాతపుస్తకం:
అదీ. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వని అన్నది దీన్నే. మాటకు నేరుగా ఉన్న అర్థం అభిధ. అది పొసగనప్పుడు పక్కకు జరిగి తెచ్చుకునే అర్థం లక్షణ. "గంగలో పల్లె" అంటే ఒడ్డున ఉన్న పల్లె అని సర్దుకుంటామే, అది. ఈ రెండూ కాక, చెప్పకుండానే తోచేది వ్యంగ్యార్థం. ఈ కవితలో ప్రతి మాటకూ అభిధ చక్కగా సరిపోతోంది. కుర్చీ కుర్చీయే, పేపరు పేపరే. ఎక్కడా పొసగకపోవడం లేదు. అయినా మరణం తోస్తోంది. అలంకారం లేకుండా ధ్వని ఉండగలదనడానికి ఇది చాలు.

అడ్డుప్రశ్న:
వచ్చేశాను. చనిపోయాడని ఎవరు చెప్పారు? ఆసుపత్రిలో ఉండొచ్చు. కొడుకుతో గొడవపడి ఇల్లు వదిలి వెళ్లిపోయి ఉండొచ్చు. ఇందాక పక్కన పెట్టిన ప్రశ్న ఇదే: ఆధారమున్న ఊహ ఏది, లేనిది ఏది?

నీలిసిరా:
రాసిన మనిషిగా నేను జవాబు చెప్పకూడదు, చెబితే మీరందరూ దానికే కట్టుబడిపోతారు.

గణయతి:
నేను చెబుతాను. కవిత ఖాయంగా ఇచ్చేది మూడు సంగతులు. నాన్న ఇప్పుడు అక్కడ కూర్చోవడం లేదు. కుర్చీ ఇప్పటికీ ఆయనదే, "నాన్న కుర్చీ" అనే అన్నారు. ఇంట్లోవాళ్లు దాన్ని వాడుకోలేరు, వదులుకోలేరు. మరణం ఈ మూడింటికీ బాగా సరిపోతుంది. ఇల్లు వదిలి వెళ్లడం కూడా సరిపోతుంది. నాలుగు రోజులు ఊరెళ్లాడంటే మాత్రం సరిపోదు, "తీసెయ్యరు" అన్న మాట అడ్డం పడుతుంది. తిరిగొస్తాడని ఖాయంగా తెలిసినవాడి కుర్చీ తీసెయ్యాలన్న ఆలోచనే రాదు కదా. అంటే ఊహలన్నీ సమానం కావు. ఏదో ఒక మాట అడ్డుపడేదాన్ని పక్కన పెట్టాలి. అడ్డుపడనివి రెండు మిగిలితే రెండూ ఉన్నాయని రాయొచ్చు, మార్కులు పోవు.

పద్యప్రియ:
కుర్చీ ఇక్కడ అధికారానికి ప్రతీక అనుకోవచ్చా? ఇంటి పెద్దరికం ఖాళీ అయింది, ఆ చోటు ఎవరూ తీసుకోవడం లేదు అని?

అడ్డుప్రశ్న:
ఇదిగో, కుర్చీ కనపడితే చాలు, రాజకీయం మొదలు.

నీలిసిరా:
నవ్వొచ్చినా పద్యప్రియ గారి మాట తోసిపారేయదగ్గది కాదు. "ఎవరూ కూర్చోరు" అన్నచోట ఆ నీడ కొంచెం ఉంది. కాకపోతే ప్రతీక అన్నమాట వాడేముందు వస్తువును వస్తువుగా పూర్తిగా చూడాలి. ఈ కుర్చీ వరండాలో ఉంది, హాల్లో మధ్యలో లేదు. దాని మీద పడేది పేపరు. అధికారం కన్నా అలవాటు ఎక్కువ కనిపిస్తోంది ఇక్కడ. ప్రతీక అనగానే వస్తువు మాయమై ఒక భావవాచకం మిగులుతుంది, నాకు దాంతోనే పేచీ.

గణయతి:
ఛందస్సు లేదన్నారు గానీ, లయ ఉంది. "ఎవరూ కూర్చోరు, ఎవరూ తీసెయ్యరు" ఒకే అచ్చులో పోసిన రెండు వాక్యాలు. రెండూ వ్యతిరేక క్రియలే. రెండింటికీ కర్త మనుషులే. తర్వాత వచ్చిన "పడుతుంది" మొదటిసారిగా ఒక పని జరిగిందని చెబుతుంది, ఆ పని చేసేది మనిషి కాదు. ఇంట్లోవాళ్లు చేయలేని పనిని పేపరు చేసేసింది, ఎందుకంటే దానికి తెలియదు. పేపరు వేసే కుర్రాడిని కూడా కవితలోంచి తీసేశారు చూడండి. "కుర్రాడు పేపరు విసిరాడు" అని రాసుకుని చదవండి, కుర్చీ మీద పడటం వట్టి గురి తప్పడం అయిపోతుంది.

నీలిసిరా:
చివరి రెండు పంక్తుల గురించి నాకే ఒక అనుమానం ఉంది. "దాని మీదే" బదులు "కుర్చీ మీదే" అనాలా అని చాలాసేపు ఊగాను. "దాని"లో ఉన్న దూరం నచ్చి ఉంచేశాను. మీకెలా ఉంది?

పాతపుస్తకం:
ఉంచండి. "కుర్చీ" రెండోసారి వస్తే మొదటి పంక్తిలో "నాన్న"కు అంటుకుని ఉన్న బరువు పల్చబడుతుంది.

తొలకరి:
ఇప్పుడు కొంచెం వెలుగు కనిపిస్తోంది. కానీ హాల్లో కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పది నిమిషాలు అలాగే పోతున్నాయి. చదవగానే అలంకారం వెతకడం నా అలవాటు. దాని బదులు ఏం వెతకాలి?

పాతపుస్తకం:
ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో వెతుకు. అలంకారం సంగతి ఆ తర్వాత. కవి, కవితలో మాట్లాడే గొంతు ఒకటే అనుకుంటే చాలా పోగొట్టుకుంటాం. సప్తమ స్కంధంలో "మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు బోవునే మదనములకు" పద్యం ఉందిగా. అందరూ మకార అనుప్రాస దగ్గర ఆగిపోతారు. నిజమే, వినసొంపుగా ఉంటుంది. కానీ అది మాట్లాడుతున్నది ప్రహ్లాదుడు, చిన్నపిల్లవాడు. వింటున్నది మందలిస్తున్న గురువు. ఇప్పుడు క్రియలు చూడు: పోవునే, చనునే, చేరునే, అరుగునే. అన్నీ ప్రశ్నలు. "పోదు" అని తెగేసి చెప్పొచ్చు, గణాలు చూసుకుంటే పద్యమూ కుదురుతుంది. గురువుకు ఎదురుచెప్పకూడని పిల్లవాడు ప్రశ్న రూపంలో ఎదురుచెబుతున్నాడు. చివర్న "వినుతగుణశీల! మాటలు వేయునేల" అని గౌరవంగా పిలిచి మరీ వాదన ముగించేశాడు. ఆ "నే"లో ఉన్న వినయమూ మొండితనమూ ఎవరు మాట్లాడుతున్నారో తెలిస్తేనే దొరుకుతాయి.

నీలిసిరా:
గొంతు తెలిశాక మలుపు వెతకండి. కవిత ఎక్కడో ఒకచోట దారి మారుతుంది: కాలం మారుతుంది, కర్త మారుతుంది, పొడుగు వాక్యాల మధ్య పొట్టి వాక్యం పడుతుంది. "ఇంత" "అంత" అయిన చోటు, నా కవితలో "పడుతుంది" వచ్చిన చోటు, అలాంటివే. అక్కడ కూర్చుంటే రాయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. పద్యమంతా దున్నాల్సిన పనిలేదు. రెండు చోట్లు తీసుకుని లోతుగా రాస్తే తొమ్మిది అలంకారాల జాబితా కన్నా నయం.

ఇక పోలికలు దొరికినప్పుడు పేరు రాస్తూనే, కవికి ఆ పోలిక మీద ఎంత నమ్మకం ఉందో చూడండి. మబ్బు ఏనుగులా ఉంది అంటే ఉపమ, రెండూ వేరని ఒప్పుకుంటూనే పక్కపక్కన పెట్టాడు. ఆ మబ్బు ఏనుగేమో అనిపిస్తోంది అంటే ఉత్ప్రేక్ష, కాదని తెలిసీ ఊహకు లొంగుతున్నాడు. మబ్బుటేనుగు అంటే రూపకం, రెండింటినీ ఒకటి చేశాడు. అది మబ్బు కాదు, ఏనుగే అంటే అపహ్నుతి, కళ్ల ముందున్నదాన్నే కాదంటున్నాడు. ఆకాశంలో ఏనుగులు నడుస్తున్నాయి అంటే రూపకాతిశయోక్తి, మబ్బును మింగేశాడు. ఒకే చిత్రం, వెర్రి మాత్రం మెట్టు మెట్టుకూ ముదురుతోంది. ఫలానా కవి ఏ మెట్టు మీద ఆగాడు, ఎందుకు ఆగాడు అన్నది రాస్తే అలంకారం పేరు కూడా జవాబులో భాగమైపోతుంది.

తొలకరి:
ఇది నోట్సులో రాసుకున్నాను మేడమ్, చాలా థ్యాంక్స్. ఒక వేమన పద్యం మీద ప్రయత్నించాను. దయచేసి దిద్దండి.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

"ఈ ఆటవెలదిలో వేమన దృష్టాంతాలంకారాన్ని అద్భుతంగా ఉపయోగించాడు. మొదటి రెండు పాదాల్లో వస్తువుల సంగతి, మూడో పాదంలో మనుషుల సంగతి అద్దంలో బింబంలాగా ఎదురెదురుగా ఉన్నాయి. మధ్యలో 'లాగా', 'వలె' వంటి మాట లేదు. కలపాల్సిన పని వినేవాడికి వదిలేశాడు. ఉప్పు, కప్పురం అని వస్తువులకు రెండు వేరు పేర్లు ఉన్నాయి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరినీ 'పురుషులు' అనే అన్నాడు, ఒకరికి 'పుణ్య' అని ముందు చేర్చాడు, అంతే. వస్తువుల తేడా నాలుకకు తెలుస్తుంది. మనుషుల తేడా దేనితో తెలుస్తుందో పద్యం చెప్పలేదు. 'చూడ చూడ' అని రెండుసార్లు అనడం వల్ల ఒక్క చూపు చాలదని తెలుస్తోంది."

పద్యప్రియ:
బంగారు తల్లీ, నాకైతే నిండు మార్కులే.

అడ్డుప్రశ్న:
మనుషుల తేడా దేనితో తెలుస్తుందో పద్యం చెప్పలేదన్న వాక్యం నాకు నచ్చింది. కానీ "చూడ చూడ" ఆ ప్రశ్నకు సగం జవాబు కదా? కాలంతో తెలుస్తుందనేగా? ఆ రెండు వాక్యాలనూ దగ్గరికి తేవాలి.

గణయతి:
మొదటి పాదం యతి కూడా ఒక ముక్క రాయొచ్చు. ఉప్పులో "ఉ"కు "నొక్క"లో ఒకారం యతి. ఉప్పును "ఒక్క పోలిక"తో బిగించి కట్టింది యతే. అవసరం లేదనుకుంటే వదిలెయ్యండి, నా పిచ్చి నాది.

పాతపుస్తకం:
యతి వదిలెయ్. అడ్డుప్రశ్న గారు చెప్పినట్టు చివరి రెండు వాక్యాలను కలిపెయ్. మొదటి వాక్యంలో "అద్భుతంగా" కొట్టెయ్. మిగతాది ఒక్క అక్షరం ముట్టుకోకు.